కాదనడం తెలియని కన్వర్టర్

కొలత గిన్నె అంచు దాకా మందు పోసినా చీటీలో రాసిన మోతాదులో సగం కూడా రాలేదని కోడలు గమనించేసరికి, అత్తగారు అప్పటికే నోరు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు.

"అత్తయ్యా, తాగకండి!"

"ఇంకా నోట్లో పొయ్యనే లేదు కదే, ఏం తాగను?"

కోడలు గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి చీటీ మళ్లీ చదివింది. నిన్న సాయంత్రం క్లినిక్‌లో అచ్చు వేసి ఇచ్చిన చీటీ. పూటకి 25 మిల్లీలీటర్లు అని ఉంది. ఇన్నాళ్లూ వేసింది రెండున్నర.

"డాక్టరుగారు మోతాదు పెంచుతానన్నారా?"

"లేదే. అలాగే వాడమన్నాడు. ఎంత రాశాడేం?"

కోడలు చెప్పింది. అత్తగారు సీసా ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశారు.

"ఈ లెక్కన రేపటికల్లా సీసా ఖాళీ. నేనూ ఖాళీ."

"అత్తయ్యా!"

"నవ్వుకోనీవే. ఇంతదాకా వచ్చి తప్పిపోయిందిగా."

గుమ్మంలో మామగారు కనిపించారు. చేతిలో మడత పెట్టిన పేపరు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. "మందు తప్పు పడిందా?" అని అడిగారు.

"మీ కోడలు అడ్డుపడబట్టి పడలేదు. జన్మంతా కాటా మీద లారీలు తూచారు. పెళ్లాం మందు తూచడం మాత్రం చేతకాలేదు మీకు."

మామూలుగా అయితే ఈ మాటకి ఆయన ఊరుకోరు. నలభై టన్నులకి సరిగ్గా ఇరవై కేజీలు తక్కువ తూగిన లారీ కథ ఎత్తుకుంటారు. పరిమితి దాటలేదన్న సంతోషంతో ఆ డ్రైవరు ఆయన్ని అమాంతం ఎత్తుకుని కాటా చుట్టూ తిప్పాడట. ఆ కథ వినకుండా ఈ ఇంట్లో కాఫీ తాగి వెళ్లిన చుట్టం లేడు.

ఇవాళ ఆయన కథ చెప్పలేదు. గిన్నెలో మందు కేసి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

కోడలు అది పట్టించుకోలేదు. అప్పటికే క్లినిక్‌కి ఫోను కలుపుతోంది.

"నేను సరిగ్గానే టైపు కొట్టానమ్మా," అంది హెడ్ నర్సు. "రెండు, కామా, అయిదు. నేను చదువుకున్న దేశంలో దశాంశానికి చుక్క పెట్టం, కామానే పెడతాం. అలవాటు పోలేదు."

"కామా పెడితే మేం చేసిచ్చిన పేజీ ఒప్పుకోదు కదా సిస్టర్. ఇది సంఖ్య కాదు అని ఎర్రగా చూపిస్తుంది."

"చూపించేది. దానితో నెల రోజులుగా పోట్లాడుతున్నాను. నిన్న సాయంత్రం నుంచి ఏమీ అనడం లేదు. పోనీలే, మీ వాళ్లకి బుద్ధొచ్చింది అనుకున్నాను."

కోడలు చీటీలోని 25 కేసి మళ్లీ చూసింది.

"సిస్టర్, కామాని అది తీసేసింది. రెండు, అయిదు కలిపి ఇరవై అయిదు చేసింది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత నర్సు గొంతు పూర్తిగా మారిపోయింది.

"కామా పెట్టేది ఇక్కడ నేనొక్కదాన్నే. నిన్న నేను కొట్టిన చీటీలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. అందరికీ ఇప్పుడే ఫోన్లు చేస్తాను. పేజీ ఆపేసి చేత్తో రాయిస్తాను. కానీ ఒకటి వినండి. సాయంత్రం డాక్టరుగారు కూర్చునేలోగా ఈ పని ఎవరు చేశారో, మళ్లీ ఎందుకు జరగదో నాకు చెప్పాలి. చెప్పకపోతే మీ సరుకు మాకొద్దు."

*

ఈ ఇంట్లో ముందు గదే ఆఫీసు. మూడు బల్లలు, మూడు కంప్యూటర్లు, కిటికీ పక్కన మామగారి పడక కుర్చీ. ఈ ఇంటి అన్నదమ్ములిద్దరూ కలిసి తయారుచేసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్, అంటే వెబ్ పేజీలకి పునాది లాంటి ప్రోగ్రాము, పుట్టింది ఆ గదిలోనే. దాని మీద నడిచే పేజీలు ఇవాళ ఎన్నో చోట్ల ఉన్నాయి. క్లినిక్ పేజీ వాటిలో ఒకటి.

బావగారు, అంటే ఆమె భర్తకి అన్నయ్య, వింటూనే ఒంటికాలి మీద లేచారు.

"నేను ఆనాడే చెప్పానా లేదా? మరీ అంత తేలిక చెయ్యకు అమ్మాయ్, ఎవడు పడితే వాడు లోపలికి వస్తాడు అన్నానా లేదా?"

"అన్నారు బావగారూ."

"అన్నారు అని ఒప్పేసుకుంటే ఎలా? పోట్లాడు! నీ ఇంటర్‌ఫేసే కదా!"

పోట్లాట ఇవాళ్టిది కాదు. బ్రౌజర్ నుంచి వచ్చేది ఏదైనా అక్షరాలే. మనిషి వయసు కొట్టినా, పుట్టినరోజు కొట్టినా, మందు మోతాదు కొట్టినా అక్షరాలుగానే వస్తుంది. వాటిని సంఖ్యగానో తేదీగానో మార్చి ప్రోగ్రాముకి అందించేది కన్వర్టర్. ఆ కన్వర్టర్ ఎలా ఉండాలో చెప్పే ఒప్పందం ఇంటర్‌ఫేస్. బావగారు మొదట్లో రాసిన ఒప్పందం ఒకే గదికి పది తలుపులు పెట్టినట్టు ఉండేది. దాన్ని పట్టుకుని కొత్త కన్వర్టర్ రాయాలంటే ఆయన్నే పిలవాలి. ఆయన వచ్చి, నిట్టూర్చి, రాసిపెట్టేవారు.

కోడలు వచ్చాక ఆ పది తలుపులూ మూసేసింది. రెండే ఉంచింది. ఒకటి అక్షరాలని విలువగా మార్చేది, రెండోది విలువని తిరిగి అక్షరాలుగా మార్చేది. అర్థం కానిది వస్తే అర్థం కాలేదని చెప్పి ఆగిపోవాలన్నది షరతు. ప్రతి కన్వర్టరూ తన వెంట ఒక ఉదాహరణ తెచ్చుకోవాలి. ఫ్రేమ్‌వర్క్ ఆ ఉదాహరణని లోపలికి పంపి, మళ్లీ బయటికి రప్పించి, వెళ్లింది వెళ్లినట్టు తిరిగొస్తేనే ఆ కన్వర్టర్‌ని పనిలో పెట్టుకుంటుంది. ఎక్కడా పేరు నమోదు చెయ్యక్కర్లేదు. రాసి, దానికంటూ ఉన్న ఫోల్డర్‌లో పెడితే చాలు. రోజూ సాయంత్రం ఫ్రేమ్‌వర్క్ తనే వెతుక్కుని తీసుకుని పేజీలకి అందిస్తుంది.

ఒప్పందం కాగితం మీద పెట్టకముందు దాన్ని అత్తగారికి చెప్పి చూసింది. ఉతికిన బట్టలు మడతపెడుతూ. "అత్తయ్యకి అర్థం కాకపోతే అది తేలికైనది కానట్టే," అనేది. అత్తగారు దుప్పటి కొస పట్టుకుని విని, "ఇంతేనా? లోపలికొకటి, బయటికొకటి, తెలియకపోతే తెలియదనాలి. దీనికి పెద్దోడు అంత తల బద్దలుకొట్టుకున్నాడెందుకు?" అన్నారు.

ఆ మాట చెవిన పడ్డాక బావగారు మూడు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగారు. నాలుగో రోజు తన పాత కోడ్ తీసేసి ఆమెది పెట్టారు. మెచ్చుకోలేదు. తీసేయడమే ఆయన మెచ్చుకోలు.

ఇప్పుడు ఆయన తెర మీద వేలు పెట్టి చూపిస్తున్నారు.

"సంఖ్యల ఫోల్డర్‌లో నిన్న సాయంత్రం కొత్త కన్వర్టర్ ఒకటి వచ్చింది. ఎవరి పేరు మీద వచ్చిందో చూడు."

కోడలు చూసింది. తన పేరే.

"ఇది నేను పెట్టలేదు."

"నీ కంప్యూటర్ నుంచే వచ్చింది."

"నా కంప్యూటర్ ఎప్పుడు మూసి ఉంటుంది బావగారూ? మీదీ మూసి ఉండదు. ఈ ఇంట్లో స్నానాల గదికి తప్ప దేనికైనా గడియ ఉందా?"

నిజమే. ఎవరు లేచి వెళ్లినా తెర వెలుగుతూనే ఉంటుంది. కూరగాయల ధర చూడాలన్నా, పాట వినాలన్నా ఎవరికి దగ్గరున్న కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుంటారు. మన ఇంట్లో మనకి తాళాలేమిటని అత్తగారు ఒకసారి అన్నందుకు తాళాలు పోయాయి.

"నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నావ్?"

లోపలి గది నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "క్లినిక్‌కి బయల్దేరేముందు నాకు తల దువ్వుతోంది! అడుగుతున్నాడు చూడు, పోలీసులా!"

"అమ్మా, నువ్వు కోడలి పక్షం. నీ సాక్ష్యం చెల్లదు."

"నీకు పెళ్లయి ఉంటే ఇంకో కోడలి పక్షం కూడా ఉండేదాన్నిరా. కోడ్‌తో కాపురం చేస్తానంటివి!"

కిటికీ పక్కన పేపరు వెనక మామగారు దగ్గారు. ఎవరూ నవ్వలేదు.

బావగారు గొంతు తగ్గించారు. అరుపు కంటే అది ఎక్కువ భయపెట్టింది.

"చూడు అమ్మాయ్. సాయంత్రం నర్సు ఫోను చేస్తుంది. ఎవరు చేశారంటే ఒక పేరు చెప్పాలి. నా ముందున్న పేరు నీదే. మళ్లీ జరగదని మాటివ్వాలంటే నాకు తెలిసిన దారి ఒక్కటే. ఈ రెండు తలుపుల ఇంటర్‌ఫేస్ తీసేసి నా పాతది పెడతాను. కన్వర్టర్లు మళ్లీ నేనే రాస్తాను. నువ్వు ఫోన్లు చూసుకో."

కోడలు తన బల్ల కేసి చూసింది. ఆ ఒప్పందం అంతా కలిపి అరచేతిలో పట్టేంత. దాన్ని అంత చిన్నది చేయడానికి ఎన్ని సార్లు రాసి కొట్టేసిందో ఆమెకి తెలుసు.

"సాయంత్రం దాకా టైముంది కదా," అంది. "ముందు దాన్ని చదవనివ్వండి."

*

చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"ఏమైంది?" అన్నాడు భర్త. అప్పటిదాకా అతను నోరు విప్పలేదు. అన్నయ్య అరుస్తున్నప్పుడు గోడలో కలిసిపోవడం అతనికి చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య.

"ఎవరు రాశారో గానీ అందంగా రాశారండీ."

"ఏమిటీ?" అన్నారు బావగారు.

"చూడండి. లోపలికి వచ్చేటప్పుడు అంకె, చుక్క తప్ప ఏది కనిపించినా పక్కన పడేస్తుంది. బయటికి వెళ్లేటప్పుడు కుడి నుంచి మూడేసి అంకెలు లెక్కపెట్టి కామా పెడుతుంది. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు. పేర్లు చూడండి, లోపలికి, బయటికి అని పెట్టారు. నేను కూడా ఇంత పొదుపుగా రాయను."

"ఇంట్లో దొంగ పడితే, గోడ భలే దూకాడని మెచ్చుకుంటున్నావా?"

"గోడ బాగా దూకితే బాగా దూకాడనే అంటాను బావగారూ. మీరే చూడండి."

బావగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన కళ్లు కింది దాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చాయి.

"నా పాత పద్ధతిలో ఇది రాయాలంటే నాకే ఒక పూట పట్టేది," అన్నారు, తనతో తను అనుకుంటున్నట్టు.

పేపరు గరగరలాడింది. మామగారు కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. మళ్లీ వెనక్కి వాలారు.

"కానీ ఇక్కడ ఒకటి లేదు," అంది కోడలు. "కాదు అనే మాట. నాకిది అర్థం కాలేదు అని ఆగే చోటు ఎక్కడా లేదు. ఏది ఇచ్చినా మింగేస్తుంది. లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పేస్తుంది."

"మరి నీ ఫ్రేమ్‌వర్క్ దాన్ని ఎలా రానిచ్చింది? వెళ్లింది వెళ్లినట్టు తిరిగి రావాలన్నావుగా?"

"ఉదాహరణ తిరిగొచ్చింది. 39,980 అని పెట్టారు. కామా తీస్తే వచ్చే సంఖ్యకి కామా పెడితే మళ్లీ 39,980. పరీక్ష పాసైపోయింది." ఆమె కాగితం మీద ఇంకో సంఖ్య రాసి చూపించింది. "2,5 అని పెట్టి ఉంటే పాసయ్యేది కాదు. బయటికి 25గా వచ్చేది. ఉదాహరణ ఎంచుకునేది రాసినవాళ్లే కదా. తమకి తెలిసిందే పెడతారు. అది నా తప్పే. ఆ సందు నేను చూడలేదు."

"ఒప్పుకున్నావు."

"సందు ఒప్పుకున్నాను. దూరింది నేను కాదు."

*

పెరట్లో బట్టలు తీసే నెపంతో ఆమె భర్తని బయటికి లాక్కెళ్లింది.

"నిజం చెప్పండి. మీరేనా?"

"నేనా?"

"ఫోన్లు చూసేది మీరు. ఆ నర్సు కామా గురించి వారం వారం మీ చెవిలో జోరీగలా పోరుతోంది. విసుగొచ్చి, ఇదొకటి రాసి పడేస్తే పీడా పోతుందని అనుకుని ఉంటారు."

భర్త తాడు మీది తువ్వాలు తీశాడు. మడత పెట్టలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్య నిన్ను అన్నాడు. నువ్వు నన్ను అంటున్నావు. నేను ఇంక ఎవర్ని అనాలి? పిల్లినా?"

"మాట తప్పించకండి."

"తప్పించడం లేదు. కోపం వస్తోంది, దాచుకుంటున్నాను." నిజంగానే అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు ఆ కోడ్ చూసి ఏమన్నావు? అందంగా ఉంది అన్నావు. మనకి పెళ్లయి ఇన్నేళ్లయింది. నా కోడ్ చూసి ఒక్కసారైనా ఆ మాట అన్నావా?"

ఆమె పక్కనున్న చీర దులపడం మొదలుపెట్టింది.

"అదిగో. నేనైతే అంత బాగా రాస్తానా? నేను రాస్తే నువ్వు రెండో వరసలోనే పట్టేసేదానివి."

ఇద్దరూ తాడు మీది మిగతా బట్టలు తీశారు. చివరి చొక్కా దగ్గర ఇద్దరి చేతులూ కలిశాయి.

"సారీ అండీ," అంది ఆమె.

"నీ సారీ ఏం చేసుకోను? సాయంత్రం అన్నయ్య నీ పేరు చెప్తాడు. ఆ ఇంటర్‌ఫేస్ పోతుంది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిజానికి ఈ ఇంట్లో అన్నయ్య నోరు మూయించింది అదొక్కటే. దాని కోసమైనా అది ఉండాలి."

*

మడతల బుట్ట అత్తగారి మంచం మీద దించింది కోడలు. సరైన మోతాదు కొలిచి తాగించింది. అత్తగారు దుప్పటి కొస అందుకున్నారు, అలవాటుగా.

"ఏం తేలిందే?"

"ఏమీ తేలలేదు అత్తయ్యా. రాసిన మనిషికి కోడ్ కొత్తేమీ కాదనుకుంటాను. అంత శుభ్రంగా ఉంది. కానీ కోడ్ రాయడం అలవాటైనవాళ్లు కాదనడం మర్చిపోరు. అదే అర్థం కావడం లేదు."

"బయటివాళ్లేమో?"

"బయటివాళ్లు నా కంప్యూటర్ ముందు కూర్చోలేరుగా. ఒక్కటే ఆధారం ఉంది, అదీ పనికి రాదు. ఉదాహరణగా ఒక సంఖ్య పెట్టారు. ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల ఎనభై."

దుప్పటి అత్తగారి చేతిలో ఆగిపోయింది.

కోడలు తన వైపు కొస పట్టుకుని ఎదురుచూసింది. అత్తగారు మడత వెయ్యలేదు. తలుపు కేసి చూశారు. ముందు గదిలోంచి పడక కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమీ లేదు. దుప్పటి బరువుగా ఉంది."

పల్చటి దుప్పటి అది.

"ఆ సంఖ్య సంగతి వదిలెయ్యవే," అన్నారు అత్తగారు. "నేనే చేశానని చెప్పు. ముసలిదాన్ని, నన్నేం చేస్తారు? మందు తాగాల్సింది కూడా నేనేగా. నా మందు, నా ఇష్టం."

"మీరా? మీకు మౌసు పట్టుకోవడమే రాదు."

"నేర్చుకున్నాననుకో."

కోడలు నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఈ మనిషి ఎవరి కోసమైనా అబద్ధం ఆడతారా? ఆడరు. చుట్టాలకి ఉప్పెక్కువైన కూర పెట్టి, ఎక్కువైందని తనే ముందు చెప్పే మనిషి. ఒక్కరి కోసం మాత్రం ఆడతారు. ఆయన చెప్పిన కథే చెప్తుంటే ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు, "అయ్యో, తర్వాతో?" అంటారు.

నలభై టన్నులంటే నలభై వేల కేజీలు. అందులోంచి ఇరవై తీస్తే?

కోడలు దుప్పటి కొస నెమ్మదిగా మంచం మీద పెట్టింది.

"అత్తయ్యా..."

"అనకు," అన్నారు అత్తగారు. ఆవిడ కళ్లు నిండాయి. "నాకూ ఇప్పుడే తెలిసింది. పైకి అనకే."

ముందు గదిలో ఫోను మోగింది.

*

ఆమె పరుగున వచ్చేసరికి బావగారు ఫోను అందుకుని, గొంతులు అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"అందరితో మాట్లాడాను," అంది హెడ్ నర్సు. "ఎవరూ తప్పు మోతాదు తాగలేదు. దేవుడి దయ. ఇప్పుడు చెప్పండి, చేసింది ఎవరు?"

బావగారు కోడలి కేసి చూశారు. ఆ చూపులో పొద్దున్నటి కోపం లేదు. తెర మీద ఆ కన్వర్టర్ ఇంకా తెరిచే ఉంది. పొద్దున్నుంచీ ఆయన దాన్ని చాలాసార్లు చదివినట్టున్నారు.

"నర్సుగారూ, పేరు చెప్పేముందు ఒక మాట," అన్నారు. ఆ గొంతు ఆయనది కాదన్నంత మెత్తగా ఉంది. "ఆ ఇంటర్‌ఫేస్ తప్పు కాదు. దానంత మంచిది నేను రాయలేదు, రాయలేను. కానీ జరిగింది జరిగింది..."

ఆయన నోట ఆ మాట వినడానికి కోడలు ఎన్నాళ్లు ఎదురుచూసిందో. అది ఇవాళే రావాలా?

కిటికీ కేసి చూసింది. పేపరు వెనక ముఖం కనపడటం లేదు. పేపరు పట్టుకున్న వేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. దాని అంచుని నలిపేస్తున్నాయి.

"నేనే సిస్టర్," అంది కోడలు. "నా కంప్యూటర్, నా పేరు, నా ఇంటర్‌ఫేస్. నేనే పెట్టాను. దాన్ని తీసేసి బావగారిది పెట్టేస్తాం."

"ఏమిటి నువ్వనేది?" అన్నాడు భర్త. మొదటిసారి అతని గొంతు అన్నయ్య గొంతుని మించింది. "పొద్దున్నుంచీ కాదన్నావుగా!"

"ఇప్పుడు అవునంటున్నాను. ఊరుకోండి."

"ఎందుకు ఊరుకోవాలి?"

లోపలి గుమ్మంలో అత్తగారు గోడ పట్టుకుని నిలబడ్డారు. ఎవరి వైపూ చూడటం లేదు. పడక కుర్చీ వైపే చూస్తున్నారు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

పేపరు మడతపడింది. మామగారు లేచారు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. బల్ల దగ్గరికొచ్చి, ఫోనుకి వినపడాలని కాబోలు, దాని మీదికి వంగారు.

"సిస్టరమ్మా, పెట్టెయ్యకండి. మా కోడలు అబద్ధం చెప్తోంది. ఆ పని చేసింది నేను.

"పోయినసారి క్లినిక్‌కి వచ్చినప్పుడు మిమ్మల్ని చూశాను. మా ఆవిడ ఆ బెంచీ మీద కూర్చోలేక కూర్చుంది. మీరేమో ఆ పేజీతో కుస్తీ పడుతున్నారు. కొట్టడం, అది కాదనడం. మళ్లీ కొట్టడం, మళ్లీ కాదనడం. 'మీ ఇంటివాళ్లు చేసిందేగా ఇది, కామా అంటే కూడా తెలియదా దీనికి?' అన్నారు. నాకు చురుక్కుమంది. కాటా మీద అన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, కామా నాకు తెలియకపోవడమేమిటి అనుకున్నాను. మా దగ్గర కామా అంటే వేలకి పెట్టేదే. కంటికి అలుపు రాకుండా పెట్టేది. దాన్ని తీసేసినా బరువు మారదు. లారీ బరువులో అరలూ పావులూ ఉండవమ్మా. అరకి కూడా కామా పెట్టేవాళ్లుంటారని ఈ పొద్దున వరకు నాకు తెలియదు.

"ఎలా రాశానంటావా పెద్దోడా? నువ్వు పది తలుపులు పెట్టిన రోజుల్లో నాకు గుమ్మం కూడా కనపడేది కాదు. ఈ పిల్ల మీ అమ్మకి బట్టలు మడతపెడుతూ చెప్తుంటే, పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. లోపలికొకటి, బయటికొకటి. అంతేనా అనిపించింది. తను రాసి పెట్టిన తేదీల కన్వర్టర్ పక్కన పెట్టుకుని, దాన్ని చూసి, మీరెవరూ లేనప్పుడల్లా ఒక్కో అక్షరం కొట్టాను. ఉదాహరణ అడిగితే నా లారీ ఇచ్చాను. పెట్టి చూస్తే పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. సిస్టరమ్మే మెచ్చుకుంటుంది, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

"ఏడవకమ్మా కోడలా. పొద్దున నువ్వు అందంగా రాశారు అన్నావు చూడు, అప్పుడే లేచి చెప్పెయ్యాల్సింది. లేవబోయాను కూడా. ఒకపక్క నా చేతులారా నా పెళ్లాం ప్రాణం మీదికి తెచ్చానని వణుకుతున్నాను, ఇంకోపక్క సిగ్గు లేకుండా సంతోషం వేసింది. ఆ సంతోషం ఇంకాసేపు ఉంచుకుందామని కూర్చుండిపోయాను. నీ మీద నింద పడుతుంటే కూర్చుండిపోయాను.

"నువ్వు మీ అత్తయ్యకి చెప్పిన మూడో మాట కూడా విన్నాను. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి అన్నావు. మర్చిపోయి కాదు, కావాలనే రాయలేదు. అదెందుకు, అనవసరం అనిపించింది. ఈ గదిలో నా కొడుకులు ఏం చేస్తున్నారో ఇన్నేళ్లలో ఒక్కనాడు నాకు అర్థం కాలేదు. ఒక్కనాడూ ఆ మాట అనలేదు. ఈ కుర్చీలో కూర్చుని తల ఊపాను. నేను రాసింది కూడా నాలాగే తయారైంది. మీరు కొట్టింది దానికి అర్థం కాలేదు సిస్టరమ్మా. అర్థమైనట్టు తల ఊపేసింది."